నోరు విప్పని పిల్ల లాయర్ ఎలా అవుతుంది?

ప్రశ్న: మాది మదనపల్లె. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మాయి ఫస్ట్ పీయూసీ (మన ఇంటర్ ఫస్టియర్), పీసీఎంసీ గ్రూపు, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, కంప్యూటర్ సైన్స్. లా చదువుతానంటోంది. ఈమధ్య కాలేజీలో సైకోమెట్రిక్ టెస్టు పెట్టి ఐక్యూ 109 అని, పర్సనాలిటీ టైపు ఐఎన్‌టీపీ అని రిపోర్టు ఇచ్చారు. ఇంట్రోవర్ట్ కాబట్టి సాఫ్ట్‌వేర్, రీసెర్చ్ నప్పుతాయట. నలుగురిలో నోరు విప్పని పిల్ల లాయరేంటని మావారు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నారు. మా ఆడపడుచు కొడుక్కి 128 వచ్చిందట, ఆ పోలిక ఒకటి. మొన్న అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు మెయింటెనెన్స్ పెంచితే మాత్రం ఈ పిల్లే అసోసియేషన్ నిబంధనలు (బైలాస్) అంతా చదివి, జనరల్ బాడీ ఒప్పుకోకుండా పెంచకూడదని వాళ్ల నాన్న పేరుతో లెటర్ రాసిచ్చింది. ఏం చేయమంటారు?

జవాబు: ఏదో మాటవరసకి అన్నట్టు చివర్లో రాసిన మెయింటెనెన్స్ సంగతి చూశాక నాకు మీ రిపోర్టు మీద ఆసక్తి తగ్గిపోయింది. అయినా ఇంట్లో గొడవంతా దానితోనే కాబట్టి ముందు అది చూద్దాం.

ఐక్యూలో 100 అంటే ఆ వయసు వాళ్ల సగటు. నూటికి 68 మంది 85కీ 115కీ మధ్యే ఉంటారు. 109 వచ్చిందంటే నూటికి 70 మందికి పైగా ఆమె తర్వాతే అన్నమాట. మళ్లీ రాస్తే నాలుగైదు పాయింట్లు అటూ ఇటూ అవడం మామూలే. సైకాలజిస్టు ఎదురుగా కూర్చోబెట్టుకుని, తీరిగ్గా చేసే వెక్స్‌లర్, బినే-కామత్ లాంటి పరీక్షలు వేరు, క్లాసు మొత్తాన్నీ కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి రాయించేవి వేరు. ఆ అబ్బాయి ఏ టెస్టు రాశాడో తెలియకుండా 128ని తెచ్చి 109 పక్కన పెట్టడంలో అర్థం లేదు. అసలు 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ ఈ తరహా పరీక్ష తయారుచేసింది బడిలో వెనకబడిన పిల్లల్ని గుర్తించి సాయం చేయడానికి. పిల్లలకి ర్యాంకులు ఇవ్వడానికి కాదు.

అలాగని ఐక్యూ ఉత్తదేమీ కాదు. చదువులో, ఉద్యోగంలో రాణించడానికీ దానికీ సంబంధం ఉంది. కానీ అది వేలమందిని కలిపి చూసినప్పుడు కనిపించే సంబంధం. దాన్నిబట్టి మీ ఇంట్లో పిల్ల లా చదవగలదా లేదా అని తేల్చలేం.

తర్కం సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. 1966లో పీటర్ వేసన్ అనే సైకాలజిస్టు ఒక పజిల్ పెట్టారు. బల్ల మీద నాలుగు కార్డులు: ఎ, కె, 4, 7. ప్రతి కార్డుకీ ఒకవైపు ఇంగ్లీషు అక్షరం, రెండోవైపు అంకె. ‘ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి’ అన్న నియమం నిజమో కాదో తేల్చాలంటే ఏ కార్డులు తిప్పి చూడాలి? ఎక్కువమంది ఎ, 4 అంటారు. సరైన జవాబు ఎ, 7. నాలుగు వెనక ఏమున్నా నియమం తప్పదు. ఏడు వెనక అచ్చు ఉంటే మాత్రం తప్పుతుంది. ఇదే లెక్కని మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి తీసుకెళ్లండి. గేరు బండి నడపాలంటే 18 నిండాలి. ఒకడు గేరు బండి మీద వచ్చాడు, ఒకడు సైకిల్ మీద వచ్చాడు. వాళ్ల వయసు తెలియదు. ఇంకో ఇద్దరిలో ఒకడికి 20, ఒకడికి 16. ఏం నడుపుతున్నారో కనిపించడం లేదు. ఎవర్ని ఆపాలి? బండి మీద వచ్చినవాణ్ణీ, 16 ఏళ్లవాణ్ణీ అని సెక్యూరిటీ అతను కూడా టక్కున చెప్తాడు. కార్డుల లెక్కా ఇదే. 1982లో అమెరికాలో మద్యం తాగే వయసు మీద ఇలాగే అడిగితే చాలామంది సరిగ్గా చెప్పారు.

అంటే తర్కం అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. అలవాటైన నియమాల మధ్య పదునుగా ఉంటుంది, కొత్తచోట తడబడుతుంది, సాధనతో మెరుగవుతుంది. రిపోర్టులో ఆకారాలు తిప్పే ప్రశ్నల దగ్గర మార్కులు తగ్గాయా? తగ్గనివ్వండి. బైలాస్ చదివి, ఫలానా క్లాజు ప్రకారం ఈ అధికారం మీకు లేదు అని రాయడం లాయర్లు రోజూ చేసే పనే. నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రన్స్ పరీక్ష క్లాట్‌లో లీగల్ రీజనింగ్ కూడా ఇంచుమించు ఇంతే: పేరా ఇస్తారు, అందులో ఒక సూత్రం ఉంటుంది, దాన్ని ఒక సంఘటనకి వర్తింపజేయాలి. అయితే ఒక్క లెటర్ రాసినంత మాత్రాన లాయర్ అయిపోయిందనుకుని ఇప్పుడే చుట్టాలందరికీ చెప్పేయకండి. తల్లులకి ఆ తొందర ఎక్కువ.

ఇక ఐఎన్‌టీపీ అన్న ఆ నాలుగక్షరాలు. 1921లో వచ్చిన కార్ల్ యూంగ్ సిద్ధాంతం మీద ఆధారపడి అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ కట్టిన పద్ధతి ఇది. మనుషుల్ని 16 గళ్లలో సర్దుతుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాయిస్తే చాలామందికి ఏదో ఒక అక్షరం మారిపోతుంది, ఎందుకంటే ఎక్కువమంది ఇంట్రోవర్ట్‌కీ ఎక్స్‌ట్రావర్ట్‌కీ నడిమధ్యనే ఉంటారు. సైకాలజిస్టులు ఎక్కువగా వాడేది బిగ్ ఫైవ్, అంటే స్వభావాన్ని ఐదు గుణాల్లో కొలిచే పద్ధతి. అందులో ఉద్యోగంలో పనితీరుతో బాగా ముడిపడింది చలాకీతనం కాదు, పట్టిన పని పద్ధతిగా పూర్తిచేసే గుణం. దీనికి టెస్టు కూడా అక్కర్లేదు. ల్యాబ్ రికార్డు ముందురోజు రాత్రి పదకొండింటికి మొదలుపెడుతుందా, వారం ముందే అయిపోతుందా? విసుగొచ్చే పేజీ దగ్గర ఫోన్ తీస్తుందా? అది మీకే తెలుసు.

మాట్లాడకపోవడం గురించి ఒక అనుమానం. మీ పిల్ల ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, బయట కన్నడం. చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్ పిల్లల్లో సగంమంది హిందీయేమో. మదనపల్లెలో అమ్మమ్మ దగ్గర వసపిట్టలా వాగే పిల్ల ఇక్కడ లిఫ్టులో మౌనంగా ఉంటే అది స్వభావం అయ్యుండకపోవచ్చు. అమ్మమ్మ దగ్గర ఎలా ఉంటుందో గమనించి చూడండి. పైగా లాయర్ల పనిలో పెద్ద భాగం చదవడం, డ్రాఫ్టింగ్, క్లయింటు చెప్పేది ఓపిగ్గా వినడం. కాంట్రాక్టులు చూసే లాయర్లు కోర్టు మెట్లు ఎక్కడమే తక్కువ.

మీవారితో వాదనకి దిగకండి. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణలు 2022 నుంచి లైవ్‌లో వస్తున్నాయి. ఒక ఆదివారం తండ్రీకూతుళ్లు కలిసి పాత రికార్డింగ్ ఒకటి గంటసేపు చూడమనండి. సినిమా కోర్టులా బల్లగుద్ది అరిచేవాళ్లు ఉండరు, పేజీ నంబర్లు చెప్పుకుంటూ నెమ్మదిగా సాగుతుంది. అది చూసి అమ్మాయికి ఆవలింతలు వస్తే అదీ ఒక సమాచారమే. వేసవి సెలవుల్లో తెలిసిన అడ్వొకేట్ ఆఫీసులో ఒక పది రోజులు ఫైళ్లు సర్దే పని ఇప్పించండి.

గ్రూపు మార్చాల్సిన పని లేదు. క్లాట్‌కి ఏ గ్రూపు అయినా సరిపోతుంది, జనరల్ వాళ్లకి పన్నెండో తరగతిలో 45 శాతం ఉండాలి. రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. పీసీఎంసీ కాబట్టి కర్ణాటక ఇంజనీరింగ్ ఎంట్రన్స్ కేసెట్ కూడా రాయొచ్చు. మీవారికి ముందుగా ఈ మాటే చెప్పండి, సగం టెన్షన్ తగ్గుతుంది. కోచింగ్‌కి ఇప్పుడే లక్షలు కట్టకండి. పాత పేపర్లు రెండు టైము పెట్టుకుని రాయించి, లీగల్ రీజనింగ్‌లో ఎన్ని వచ్చాయో నాకు రాయండి.