మంగళవారం ఖాళీగా ఉండే షెడ్డుకు 12 లక్షల అప్పు ఎందుకు?

ప్రశ్న: సార్, నా వయసు 31. హైదరాబాద్‌లో ఒక కార్ డీటెయిలింగ్ (కార్లను లోపలా బయటా శుభ్రం చేసి మెరుగుపెట్టే) స్టూడియోలో నాలుగేళ్లు పనిచేశాను. రెండేళ్ల కింద హనుమకొండకు తిరిగొచ్చి, హంటర్ రోడ్డు దగ్గర రెండు కార్లు పట్టే షెడ్డు కిరాయికి తీసుకున్నాను. ఇద్దరు హెల్పర్లు ఉన్నారు. నెలకు లక్షా అరవై వేల దాకా గిరాకీ అవుతోంది కానీ నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండట్లేదు. మా బావ ఊళ్లో ఉన్న ఎకరం పొలం తాకట్టు పెట్టి 12 లక్షలు తెచ్చి, ఏసీ గది కట్టి, పీపీఎఫ్, అంటే కారు పెయింటు మీద గీతలు పడకుండా పారదర్శక ఫిల్మ్ అంటించే పని మొదలుపెడదాం అంటున్నాడు. ఈ పనిలో నిజంగా మంచి సంపాదన ఉందా? అప్పు చేయమంటారా? భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. లెక్కలు జత చేశాను.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సంపాదన ఉంది. మీరు పంపిన లెక్కల్లోనే కనిపిస్తోంది. అప్పు మాత్రం ఇప్పుడు వద్దు, ముఖ్యంగా పొలం మీద వద్దు. ఎందుకో వివరంగా చెబుతాను. మీరు నోటుబుక్కులో రాసినంత శుభ్రంగా లెక్క రాసేవాళ్లు నాకు చాలా తక్కువ మంది తగిలారు. కాబట్టి మీ అంకెలతోనే మాట్లాడతాను.

సగటు నెలలో 130 ఫోమ్ వాష్‌లు 500 చొప్పున, 12 ఇంటీరియర్ క్లీనింగ్‌లు 2,000 చొప్పున, 8 రబ్బింగ్-పాలిష్‌లు (పెయింటు మీది సన్న గీతలు తీసే పని) 3,500 చొప్పున, 3 సిరామిక్ కోటింగ్‌లు (మెరుపు, రక్షణ కోసం పెయింటు మీద వేసే పూత) 15,000 చొప్పున. మొత్తం 1,62,000. ఖర్చులు చూస్తే కిరాయి 18,000, హెల్పర్ల జీతాలు 30,000, షాంపూ, కాంపౌండ్, కోటింగ్ సీసాలు అన్నీ కలిపి 28,500, కరెంటు, నీళ్లు 7,000, మెషిన్ల కిస్తీ 9,500, చిల్లర ఖర్చులు 6,000. ఇవన్నీ కలిపి 99,000. అంటే మిగిలేది 63,000. ఇంటి ఖర్చుకు 30,000, చిట్టీకి 15,000 పోతాయని రాశారు. ఇంకా 18,000 ఉండాలి. అది ఎటు పోతుందో మీకే తెలియట్లేదు, ఎందుకంటే షాపుకూ ఇంటికీ ఒకటే ఫోన్‌పే, ఒకటే బ్యాంకు ఖాతా. పొద్దున గిరాకీ డబ్బు అందులోనే పడుతుంది, సాయంత్రం కూరగాయలకు, పెట్రోలుకు, ఎవరో చేబదులు అడిగితే ఇవ్వడానికి అందులోంచే తీస్తారు.

రేపే షాపు పేరు మీద కరెంట్ ఖాతా తెరవండి. క్యూఆర్ కోడ్ దానికి మార్చండి. ప్రతి నెలా 1వ తేదీన అందులోంచి మీ సొంత ఖాతాకు 45,000 జీతంగా వేసుకోండి, మీ హెల్పర్లకు వేసినట్టే. నెల మధ్యలో మళ్లీ ముట్టుకోవద్దు. మిగిలే 18,000 సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడు అసలు విషయం. మీరు పని వారీగా లాభం రాశారు కానీ, గంట వారీగా రాయలేదు. మీ వ్యాపారంలో మీరు అమ్ముతున్నది ఆ షెడ్డులోని రెండు కార్ల జాగా, అందులో గడిచే గంటలు. ఫోమ్ వాష్‌కు 40 నిమిషాలు, సామాను 60 రూపాయలు అన్నారు. అంటే గంటకు 660 మిగులుతోంది. ఇంటీరియర్‌కు మూడున్నర గంటలు, సామాను 250. గంటకు 500. రబ్బింగ్‌కు ఆరు గంటలు, సామాను 500. అదీ గంటకు 500. సిరామిక్‌కు 14 గంటలు, సామాను 4,500. గంటకు 750. కానీ కోటింగ్ వేసిన కారు రాత్రంతా మీ జాగాలోనే ఆరాలి, అది మీరు లెక్కలో వేయలేదు.

చూశారా, మీరు నాలుగేళ్లు హైదరాబాద్‌లో కష్టపడి నేర్చుకున్న రబ్బింగ్ పనికి ఫోమ్ వాష్ కంటే తక్కువ కూలీ వస్తోంది! సీటు సందుల్లోంచి పసుపు తీయడానికి కూడా అంతే. మన దగ్గర ఇంటీరియర్ పని తేలిక కాదు. ఐనవోలు మల్లన్న దగ్గరికి వెళ్లొచ్చిన కార్లో బండారి, అంటే పసుపు, సీట్లకు పట్టి ఉంటుంది. మేడారం నుంచి వచ్చిన కార్లో అమ్మవార్ల బంగారం, అదే బెల్లం, డిక్కీ కార్పెట్‌లో కరిగి అతుక్కుని ఉంటుంది. దాన్ని తీసే ఓపికకు గంటకు 500 న్యాయమైన రేటు కాదు.

ఇంటీరియర్‌ను 2,600 చేయండి, రబ్బింగ్‌ను 4,500 చేయండి. గిరాకీ పోతుందని భయం ఉంటుంది, నాకు తెలుసు. అందుకే ఒక్కసారి లెక్క వేసి చూడండి. రెండింట్లోనూ నెలకు ఇద్దరేసి కస్టమర్లు పోయారనే అనుకుందాం. పది ఇంటీరియర్‌లకు 26,000, ఆరు రబ్బింగ్‌లకు 27,000, కలిపి 53,000. ఇప్పుడు వస్తున్నది 52,000. అంటే వెయ్యి ఎక్కువే వస్తుంది, పైగా 19 గంటలు మిగులుతాయి. ఎవరూ పోకపోతే నెలకు 15,200 అదనం.

ఇక మీ బావగారి మాట. ఆయన మీ మంచి కోరే చెబుతున్నారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ జాగా చాలకపోతే కదా కొత్త గది కట్టాలి. రెండు కార్ల జాగా, రోజుకు పది గంటలు, నెలకు 26 రోజులు: 520 గంటలు. మీరు వాడుతున్నది దాదాపు 219. సగం కూడా నిండలేదు. ఆదివారం గేటు బయట లైను ఉంటుంది కాబట్టి జాగా చాలట్లేదని మీకు అనిపిస్తోంది. మంగళ, బుధ వారాల్లో మీ హెల్పర్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారని మీరే రాశారు.

12 లక్షలు 12 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు 26,700 దాకా కిస్తీ. వడ్డీయే నాలుగు లక్షలు. పీపీఎఫ్ అంటించే ఫిట్టర్‌కు 30,000 జీతం అని రాశారు. అంటే ఒక్క కారు రాకపోయినా నెలకు 56,700 కట్టాలి. బావగారి అంచనా ప్రకారమే ఒక కారుకు 75,000 తీసుకుంటే ఫిల్మ్ పోను 30,000 మిగులుతుంది. నెలకు రెండు కార్లు పూర్తిగా చేస్తేగానీ మీరు ఇప్పుడున్న చోటే ఉండరు. ఒక బానెట్ ముక్క చెడిపోయిందంటే ఆ కారు లాభం తగ్గినట్టే. పైగా ఫిల్మ్‌కు 75,000 పెట్టగలిగే మనిషి, మూడు గంటల్లో హైదరాబాద్ వెళ్లి చేయించుకుందాం అనుకునే అవకాశం ఎక్కువ. ఈ ఆశ పూర్తిగా వదులుకోమని అనట్లేదు. ఎవరైనా పీపీఎఫ్ అడిగితే సగం అడ్వాన్సు తీసుకుని, హైదరాబాద్‌లో మీతో పనిచేసిన ఫిట్టర్‌ను ఆ పనికి మాత్రం పిలిపించండి. ఆరు నెలల్లో ఎంతమంది అడిగారో రాసుకోండి. అంకె బాగుంటే అప్పుడు ముద్ర రుణం అడగొచ్చు, 10 లక్షల దాకా తాకట్టు లేకుండానే ఇస్తారు. పొలం పత్రాలు బీరువాలోంచి తీయనవసరం లేదు.

ముందు ఆ మంగళవారాలను నింపుదాం. మన ఊళ్లో ఎంజీఎం చుట్టుపక్కల, నక్కలగుట్ట దాకా ఎన్ని ఆసుపత్రులు, ఎంతమంది డాక్టర్లు! ఎన్‌ఐటీ, కాకతీయ యూనివర్సిటీ అధ్యాపకులు ఉన్నారు. వీళ్ల కార్లు రోజంతా ఎండలో నిలబడతాయి, కడిగించే తీరిక వీళ్లకు ఉండదు. నెలకు నాలుగు ఫోమ్ వాష్‌లు, మంగళవారం నుంచి గురువారం వరకు మాత్రమే, పొద్దున 7 నుంచి 10 లోపు, 1,700 ముందుగా కట్టాలి. ఒక్కొక్కరి దగ్గర సామాను పోను 1,460. ఇరవై మంది దొరికితే 29,200. మీరు కట్టాల్సివచ్చే కిస్తీ కంటే ఎక్కువ, కొత్తగా ఒక్క మెషిన్ కూడా కొనకుండా. పట్టేది 53 గంటలు, అవి ఇప్పుడు వృథాగా పోతున్న గంటలే.

పొద్దున పూట అనడానికి ఇంకో కారణం ఉంది. నా కారును మొన్నటి ఏప్రిల్‌లో ఒకచోట మిట్టమధ్యాహ్నం ఎండలో బోరు నీళ్లతో కడిగారు. తుడిచేలోపే నీళ్లు ఆరిపోయి తెల్లటి మచ్చలు పడ్డాయి, బానెట్ మీద ఇప్పటికీ పోలేదు. మీకు ఇది నాకంటే బాగా తెలుసు. కస్టమర్‌కు కూడా అది చెప్పండి. నీడలోనే ఎందుకు కడుగుతారో, రెండు బకెట్లు (ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి) ఎందుకు పెడతారో వివరిస్తే, పక్క సెంటర్లో 300కే చేస్తున్నారు కదా అనే బేరం సగం తగ్గుతుంది.

కోటింగ్ విషయంలో ఒక చిన్న సూచన. పాత కారుకు గీతలు తీయడానికే ఎక్కువ గంటలు పోతాయి. కొత్త కారుకు ఆ పని చాలా తక్కువ. భద్రకాళి గుడి దగ్గర పూజ చేయించుకునే కొత్త కార్ల వాళ్లే మీకు సరైన సిరామిక్ గిరాకీ. దసరా ముందు ఆ గిరాకీ ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ మీరు అడగని, కానీ నాకు టెన్షన్ పెట్టిన విషయం ఒకటి చెప్పాలి. నెలకు 1,62,000 అంటే ఏడాదికి 19,44,000. సర్వీసు వ్యాపారానికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, దాటిన 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. నేను చెప్పినట్టు చేస్తే మీరు దాటతారు. ఆ 20 లక్షల గీతకు ఇవతలే ఉండటం కోసం గిరాకీ వద్దనుకోవడం, లేదా కొంత నగదు దాచడం చేయొద్దు. యూపీఐ వసూళ్లన్నీ కనిపిస్తాయి. 2025లో కర్ణాటకలో చిన్న వ్యాపారులకు నోటీసులు వెళ్లింది ఆ వివరాల ఆధారంగానే.

మామూలుగా అయితే మీ పనికి 18 శాతం. కానీ 50 లక్షల లోపు టర్నోవర్ ఉన్న సర్వీసులకు కాంపోజిషన్ పద్ధతి ఉంది, అందులో 6 శాతం కడితే చాలు. దాన్ని కస్టమర్ దగ్గర విడిగా వసూలు చేయకూడదు, సామాను మీద కట్టిన పన్ను తిరిగి రాదు. మీ కస్టమర్లంతా సొంత కార్ల వాళ్లే కాబట్టి మీకు ఇదే నయం. ఇరవై మంది నెలవారీ కస్టమర్లతో గిరాకీ 1,96,000 అయితే పన్ను 11,760. అది పోయినా మీకు నెలకు 80,000 మిగులుతుంది, రేట్లు పెంచినందుకు వచ్చేది కాకుండా. ఆదాయపు పన్ను కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను పడదు. అయినా రిటర్ను వేయండి. రేపు ముద్ర రుణానికి వెళ్తే బ్యాంకువాళ్లు మొదట అడిగేది అదే.

ఆ 18,000 సంగతి. వానాకాలం మీకు గడ్డుకాలం. రోజూ వాన పడుతుంటే కారు కడిగించేవాళ్లు ఎవరు? పైగా 2020 ఆగస్టులో, 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి ఊరు ఎలా మునిగిందో మనమంతా చూశాం. సామాను కాకుండా మీ షాపుకు నెలకు 70,500 తప్పని ఖర్చు. మూడు నెలలకు 2,11,500 కావాలి. నెలకు 18,000 చొప్పున ఏడాది వేస్తే 2,16,000 అవుతుంది. బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌గా వేయండి, చిట్టీలో కాదు. మెషిన్లకు వరద కూడా వర్తించే బీమా తీసుకోండి. కస్టమర్ కారు మీ దగ్గర ఉండగా జరిగే నష్టానికి కవరేజీ ఉందేమో అదే ఏజెంటును అడగండి. కారు లోపలికి తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీయడం హెల్పర్లకు అలవాటు చేయండి. లేకపోతే పాత గీత మీ ఖాతాలో పడుతుంది.

ఇంట్లో సంపాదించేది మీరొక్కరే. టర్మ్ పాలసీ కోటి రూపాయలకు, ముగ్గురికీ కలిపి ఆరోగ్య బీమా, ఈ రెండూ ఈ నెలలోనే. అవి అందేలోపు బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా చేయించండి, చెరో రెండు లక్షల కవరేజీ. మీ హెల్పర్లకు కూడా మీరే కట్టండి. చిట్టీ అయిపోగానే ఆ 15,000లో 5,000 పాప పేరు మీద సుకన్య సమృద్ధికి మళ్లించండి. పదేళ్లు నిండేలోపు ఖాతా తెరవాలి, పాపకు ఇంకా చాలా సమయం ఉంది.

ఆరు నెలల తర్వాత ఆ నోటుబుక్కులో గంటల లెక్క కూడా చేర్చి మళ్లీ పంపండి. పీపీఎఫ్ ఎంతమంది అడిగారో అందులో ఉంటే, బావగారి మాట మీద అప్పుడు కలిసి నిర్ణయం తీసుకుందాం.