పెళ్ళి ఊరేగింపులో మోగించడం తప్పు కాదు, ఫైలు పంచడం తప్పు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో ఎఫ్ఎల్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్‌లో ఎలక్ట్రానిక్ ట్రాకులు చేస్తాను. ఆరు ట్రాకులు కలిపి నెట్‌లో 150 రూపాయలకు అమ్ముతున్నాను. పాతపట్నం వైపు డీజే ఒకాయన అవి కొని, ఫైళ్ళలో నా పేరు తీసేసి తన పేరు పెట్టి, ఒక మెసేజింగ్ యాప్ గ్రూపులో ఉచితంగా పెట్టేశాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళలో అవే మోగుతున్నాయి, నా అమ్మకాలు ఆగిపోయాయి. కాపీరైట్ రిజిస్టర్ చేయించలేదు. ఒక ట్రాకులో పాత సినిమా పాట గొంతు నాలుగు సెకన్లు వాడాను. ఆయనది ఆంధ్రా, నాది ఒడిశా. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. రిజిస్ట్రేషన్ లేదని టెన్షన్ పడకండి. 1957 కాపీరైట్ చట్టంలో అది తప్పనిసరి కాదు, ఉంటే సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. మీ దగ్గర ట్రాకు తయారుచేసిన అసలు ప్రాజెక్టు ఫైలు ఉంది కదా, అది చాలా గట్టి సాక్ష్యం. ఆయన దగ్గర ఎమ్‌పీ3 తప్ప ఏమీ ఉండదు. ఆ ఫైలును తెరిచి మళ్ళీ సేవ్ చేయకండి, తేదీ మారిపోతుంది.

పెళ్ళిళ్ళ మీద మీకు కోపం ఎక్కువగా ఉన్నట్టుంది, కానీ అక్కడ చట్టం మీ వైపు లేదు. పెళ్ళి ఊరేగింపులో పాట మోగించడం ఉల్లంఘన కాదని 52వ సెక్షనే చెబుతోంది. డీజే బాక్సుల వెంట పడకండి. మీ గొడవ ఫైలు పంచినాయనతో.

‘ఉచితంగానే ఇచ్చాను’ అని ఆయన అంటాడు. దానితో నేరం పోదు, శిక్ష తగ్గించమని అడుక్కోవడానికి పనికొస్తుంది. 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ళ జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. తెలిసి మీ పేరు తీసేయడం 65బీ కింద వేరే నేరం, 2 ఏళ్ళ దాకా జైలు. నన్నడిగితే ఈ రెండోదే ఆయన మెడకు గట్టిగా చుట్టుకుంటుంది.

ముందు గ్రూపు స్క్రీన్‌షాట్లు, లింకులు భద్రం చేసి, యాప్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 36 గంటల్లో వాళ్ళు ఆ ఫైళ్ళు అందకుండా ఆపాలి. 21 రోజుల్లోగా మీరు కోర్టు ఉత్తర్వు చూపకపోతే మళ్ళీ తెరవొచ్చు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, ఫైలు పోయిందని సంబరపడి ఊరుకుంటారు. దావా కాగితాలు సిద్ధం చేసుకున్నాకే ఫిర్యాదు పంపండి.

ఆయనది ఆంధ్రా అని శ్రీకాకుళం తిరగనక్కర్లేదు. 62వ సెక్షన్ ప్రకారం మీరుండే చోటి జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు. తెలుగు చాటింగులకు ఇంగ్లీషు అనువాదం మాత్రం జతచేయండి, మీ ఒడిశా కోర్టులో అది లేకుండా పని జరగదు.

ఇక ఆ నాలుగు సెకన్లు. కొన్ని సెకన్ల లోపైతే పర్లేదన్న మాట డీజేల నోట వినేదే, చట్టంలో ఎక్కడా లేదు. ఆయన లాయరు మొదట పట్టుకునేది అదే. ఆ ట్రాకును పక్కన పెట్టి మిగతా ఐదింటి మీదే దావా వేయండి.