నీలంగా మెరిస్తే రక్తమేనా?

బ్లీచింగ్ వేసి కడిగేసిన గచ్చు మీద లూమినాల్ (రక్తం తగిలితే చీకట్లో నీలంగా వెలిగే రసాయనం) కొడితే రక్తం బయటపడుతుందా, మెరిసిందంటే ఇక రక్తమేనా అని అడిగారు. బయటపడొచ్చు. టైల్స్ సందుల్లో, గడప కింద ఇంకినది కడిగినా ఓ పట్టాన పోదు. కానీ మెరుపు చెప్పేది "ఇక్కడ దూది అద్ది చూడు" అని మాత్రమే.

లూమినాల్‌ను వెలిగించేది హిమోగ్లోబిన్‌లోని ఇనుము. బ్లీచింగ్, రాగి, ఇత్తడి, ముల్లంగి రసం కూడా అదే పని చేస్తాయి. రక్తమైతే వెలుగు సమంగా పరుచుకుని, అర నిమిషం పాటు మెల్లగా తగ్గుతుంది. బ్లీచింగ్ అయితే కొట్టీ కొట్టగానే మిణుకుమిణుకుమని ఆరిపోతుంది. గదిని ఒకటి రెండు రోజులు గాలికి ఆరనివ్వగలిగితే ఈ గోల చాలావరకు తగ్గుతుంది.

వాడుకలో ఉన్న ఒక పాళ్లు: 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌కి సోడియం కార్బొనేట్ 5 గ్రాములు, లూమినాల్ 0.1 గ్రాము, సోడియం పర్‌బొరేట్ 0.7 గ్రాము. పర్‌బొరేట్ కొట్టబోయే ముందే కలపాలి, కలిపింది మర్నాటికి దాచుకోకూడదు. గది చిమ్మచీకటిగా ఉండాలి. కెమెరా ముందే స్టాండు మీద ఫోకస్ చేసి పెట్టుకోవాలి. సన్నని తుంపరగా కొట్టాలి. నీళ్లు కారేలా కొడితే మరక ఆకారం చెదిరిపోతుంది, డీఎన్‌ఏ కూడా పలచబడుతుంది. క్లూస్ టీమ్ కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

మెరిసిన చోట తర్వాత చేయాల్సింది కాసిల్-మేయర్ పరీక్ష, అంటే మరక రక్తం కావచ్చా అని రంగు మార్పుతో చూడటం. ఇందులో చుక్కల వరసే ప్రాణం. మరక మొత్తం తుడిచేయకుండా, అంచున తడి దూదితో కొద్దిగా అద్దాలి. దాని మీద ముందు ఆల్కహాల్ చుక్క, తర్వాత రంగు పోగొట్టిన ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చుక్క. కొన్ని సెకన్లు ఆగాలి. ఇప్పుడే గులాబీ రంగు వచ్చిందంటే అది బ్లీచింగో రాగి లవణమో, పరీక్ష చెల్లదు. పసుపు, కుంకుమ మరకలు కూడా ఈ దశలోనే దొరికిపోతాయి: ద్రావణంలోని క్షారానికి పసుపు ఎర్రబారుతుంది. పూజగది గడప దగ్గర ఇది గుర్తుండాలి. రంగు రాకపోతేనే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేయాలి. వెంటనే గులాబీ వస్తే పాజిటివ్. అర నిమిషం దాటాక వచ్చే రంగు లెక్కలోకి రాదు, గాలి తగిలితే ఆ ద్రావణం దానంతటదే గులాబీ అవుతుంది. అందుకే సీసాలో కాస్త జింకు పొడి ఉంచి ఫ్రిజ్‌లో పెడతారు.

పోల్చి చూసుకోవడానికి ప్రతిసారీ ఇదే పరీక్ష తెలిసిన రక్తం మీద ఒకటి, వట్టి దూది మీద ఒకటి, మరక లేని పక్క గచ్చు మీద ఒకటి చేసి చూడాలి. మూడోది చాలామంది వదిలేస్తారు. కోర్టులో మొదట అడిగేది దాని గురించే.

ఇంత చేసినా కోడి రక్తానికీ మనిషి రక్తానికీ తేడా తెలియదు. మనిషిదేనా అన్నది ల్యాబ్‌లో, మనిషి రక్తమైతే గీత చూపే టెస్ట్ స్ట్రిప్ మీద చూస్తారు. అక్కడో తిరకాసు: నమూనా మరీ చిక్కగా ఉంటే గీత రాకుండా నెగెటివ్‌లా కనిపిస్తుంది. పలచన చేసి మళ్లీ వేయాలి.