అరకు: రైల్లో ఎక్కండి, రోడ్డున దిగండి

"వైజాగ్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేస్తే అరకులో తోటలు, తిండి, వ్యూ పాయింట్లు అన్నీ అయిపోతాయా?" అని అడిగారు. వెళ్లి రావడమైతే అయిపోతుంది. చాలామంది అదే చేస్తారు, రెండు ఫొటోలు, నడుం నొప్పి తెచ్చుకుంటారు. దూరం 115 కిలోమీటర్లే అయినా ఘాట్ రోడ్డు, రానుపోను ఏడెనిమిది గంటలు ప్రయాణానికే పోతాయి. ఒక్క రాత్రి అక్కడ ఉండండి. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు రోడ్డు.

కిరండూల్ వెళ్లే రైలు విశాఖలో పొద్దున ఏడు కాకముందే బయల్దేరుతుంది, అరకుకు నాలుగు గంటలు. టైం మారుతూ ఉంటుంది కాబట్టి ముందు రోజు ఒకసారి చూసుకోండి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసిన లైను ఇది, ఇప్పటికీ గూడ్సుల రద్దీ ఎక్కువ. అందుకని మధ్యలో రైలు నిలబడిపోతే కంగారుపడకండి, పదకొండింటికల్లా ఫలానా చోట ఉండాలని ప్లాన్ వేసుకోకండి. అద్దాల పెట్టె (విస్టాడోమ్) టికెట్ దొరకలేదని బాధపడేవాళ్లకు ఒక మాట: మామూలు పెట్టెలో కిటికీ పక్క సీటే మేలు. చల్లగాలి, తడి మట్టి వాసన అద్దంలోంచి రావు. పైగా అద్దాల పెట్టెలో సొరంగం వచ్చిన ప్రతిసారీ కేకలు, ఫోన్లెత్తి అడ్డంగా నిలబడేవాళ్లు.

బొర్రా గుహలకు పట్టున్న బూట్లు వేసుకోండి. లోపల మెట్లు తడిగా ఉంటాయి, నున్నటి చెప్పులు జారతాయి. బయట కోతులుంటాయి, తినేవి చేతిలో పట్టుకుని నడవకండి. అరకులోని పద్మాపురం తోటకు పొద్దున్నే, టూరిస్టు బస్సులు రాకముందే వెళ్తే గంట చాలు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు కూరగాయలు పండించడానికి పెట్టిన తోట అది.

నన్నడిగితే అరకులో అసలు తోటలు గేటు లోపల ఉండవు. అక్టోబరు చివర్నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా వలిసె పూస్తుంది. కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. అది ఎవరో అలంకారానికి వేసింది కాదు, నూనె గింజల పంట. చేలోకి దిగి పడుకుని ఫొటోలు దిగితే విరిగిన కాడకు గింజ పట్టదు. గట్టు మీదే నిలబడండి, రైతు డబ్బులడిగితే బేరమాడకుండా ఇవ్వండి. డ్రోన్లు, స్పీకర్లు వేసుకొచ్చే గుంపులను చూస్తే ఒళ్లు మండుతుంది.

తిరుగు దారిలో సుంకరమెట్ట, అనంతగిరి దగ్గర కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్ల కాండాల మీదికి పాకిన మిరియాల తీగ. పండు ఎర్రగా కనిపించేది నవంబరు నుంచి జనవరి దాకా. వేసవిలో ఒక వాన పడ్డాక తెల్లగా పూస్తుంది, మల్లె వాసన, కొద్ది రోజులే. అరకు అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతమాత్రాన అరకు పేరున్న ప్రతి పొట్లం మంచిదని కాదు. చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) ఎంత కలిపారో వెనక చదవండి, వేయించిన తేదీ లేకపోతే పక్కన పెట్టేయండి. పొడి కన్నా గింజలే కొనండి, పొడి విప్పిన రెండు మూడు వారాలకే వాసన పోతుంది.

ఇక బొంగులో చికెన్, అంటే వెదురు గొట్టంలో కూరి నిప్పుల మీద ఉడికించేది. దీని కోసమే రోడ్డున దిగమన్నాను. దారి పొడవునా పొయ్యిలుంటాయి, కానీ ఆగగానే రెండు నిమిషాల్లో చేతిలో పెట్టారంటే అది ఎప్పుడో వండి మళ్లీ వేడి చేసింది. మీ ఎదుట కూరమని చెప్పండి, ముప్పావు గంట ఆగండి. బొంగు పచ్చిగా ఉండాలి, కోసిన చోట తడి కనిపించాలి. ఎండు బొంగు సగంలోనే పగిలి రసమంతా నిప్పుల పాలవుతుంది. కిలో మాంసానికి ముంజేయి లావు, అడుగున్నర పొడవు బొంగులు రెండు, ఒక పక్క కణుపు మూసి ఉండాలి. చిన్న ముక్కలకు రెండు చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద, రెండు చెంచాల కారం, అర చెంచా పసుపు, ధనియాల పొడి, ఉప్పు, దంచిన పచ్చిమిర్చి నాలుగు, ఒక నిమ్మకాయ. అరగంట నాననివ్వాలి. నూనె వద్దు, నీళ్లు వద్దు. మాంసంలో ఊరేదీ, బొంగులో తడీ చాలు.

కూరేటప్పుడు పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలాలి, అదిమి నింపితే నడుమ ముక్క ఉడకదు. మూతికి అడ్డాకులు చుట్టి బిరడా పెట్టాలి. మంట మీద కాదు, నిప్పుల మీద, మూతి పైకి ఉండేలా ఏటవాలుగా ఆనించాలి. అయిదేసి నిమిషాలకోసారి తిప్పుతూ ఉంటే పచ్చ రంగు గోధుమకు తిరిగి, తర్వాత నల్లబడుతుంది. మొదట ఆకు సందుల్లోంచి నురగ పొంగుతుంది. ఆ నురగ ఆగి, ఆవిరితో పాటు ఘాటు వాసన వస్తే దించొచ్చు. మంట పెద్దది చేసి తొందరపెడితే బొంగు మాడుతుంది, ఎముక దగ్గర ఎర్రగానే ఉంటుంది. ఒక ముక్క విరిచి చూసుకోండి, ఎరుపు కనిపిస్తే మళ్లీ నిప్పుల మీద పెట్టమనండి, మొహమాటం వద్దు. ఆకు మీదికి ఒంపినప్పుడు వచ్చే రసాన్ని పారబోయనివ్వకండి.

ఇవన్నీ కుదరాలంటే రెండో రోజు పొద్దున పదింటికల్లా అరకు వదలండి. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర మంచు విడిచే వేళకు చేరతారు, చీకటి పడేలోపు ఘాట్ దాటి కొండ కింది ఎస్.కోట (శృంగవరపుకోట) వచ్చేస్తారు. మంచులో ఆ మలుపులు రాత్రిపూట నడపొద్దు.