టేపు మన దగ్గరుంటే పాట మనదవుతుందా?

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం 1996లో సికింద్రాబాదులో ఒక ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండు పెట్టుకున్నాము. 1998లో చందాలు వేసుకుని ఒక స్టూడియోలో ఆరు పాటలు డెమోగా రికార్డు చేశాము. అవి విన్న ముంబయి క్యాసెట్ కంపెనీ ఒకటి వాటిలో నాలుగింటిని తీసుకుని, తన ఖర్చుతో మా చేత మరో ఐదు పాటలు రికార్డు చేయించి, అన్నీ కలిపి 1999లో క్యాసెట్టుగా విడుదల చేసింది. ఒకటిన్నర పేజీల అగ్రిమెంటు మీద నలుగురమూ సంతకం చేశాము. ఎన్నేళ్లకో అందులో రాయలేదు. ఆ కంపెనీ మూతపడింది. 2002లో మేమూ విడిపోయాము. బాణీలు నలుగురం కలిసి కట్టినవి, సాహిత్యమంతా మా గాయకుడిది. అతను ఇప్పుడు మాతో మాట్లాడడు. డ్రమ్మర్ 2011లో పెళ్లి కాకుండానే చనిపోయాడు. బాస్ గిటారిస్టు డాలస్‌లో ఉన్నాడు. డెమోల డాట్ (డిజిటల్ ఆడియో) టేపులు స్టూడియో యజమాని దగ్గర ఉన్నాయి, పాత బాకీ తీర్చితేనే ఇస్తానంటున్నాడు. నాటి అభిమానులు ఇప్పటికీ అడుగుతున్నారు కనుక, ముందుగా డబ్బు కట్టించుకుని 300 ఎల్పీ రికార్డులు వేయించాలనుకుంటున్నాను. ఎన్నడూ విడుదల కాని రెండు డెమోలను, ఒక విదేశీ బ్యాండు పాటను మేము వాయించిన కవర్‌ను బోనస్‌గా చేర్చాలని ఉంది. లాభం ఆశించడం లేదు. చట్టపరంగా ఇబ్బంది ఏమైనా ఉందా?

జవాబు: ఇబ్బంది ఉంది, కానీ మీరు భయపడుతున్న చోట కాదు. మీ ఉత్తరంలో సగం టేపుల గురించీ మూతపడిన కంపెనీ గురించీ ఉంది. నా దృష్టిలో మీ పనికి అసలు తాళం మీతో మాట్లాడని గాయకుడి దగ్గర ఉంది. అలా ఎందుకంటున్నానో అర్థం కావాలంటే, మీరు ‘మా పాటలు’ అని ఒకే మాటతో చెబుతున్న వాటిలో చట్టం మూడు వేర్వేరు ఆస్తులను చూస్తుందని ముందు గ్రహించాలి. సాహిత్యమూ సంగీతమూ ఒకటి, వాటిని పాడి వాయించి పట్టిన సౌండ్ రికార్డింగు మరొకటి, ఆ రికార్డింగు నిక్షిప్తమైన టేపు అనే వస్తువు ఇంకొకటి. రికార్డింగు మీద ఒకరికి కాపీరైటు ఉన్నంత మాత్రాన అందులోని పాట మీద మరొకరికి ఉన్న కాపీరైటుకు భంగం కలగదని కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 13(4) స్పష్టంగా చెబుతుంది.

రికార్డింగుల సంగతి ముందు చూద్దాము. సౌండ్ రికార్డింగుకు చట్టం దృష్టిలో కర్త దాని నిర్మాత, అంటే సెక్షన్ 2(యుయు) ప్రకారం దానిని తయారుచేయడానికి చొరవ తీసుకుని బాధ్యత వహించిన వ్యక్తి. డబ్బు ఎవరు పెట్టారన్నది ఇందుకు బలమైన సాక్ష్యమే అయినా అదొక్కటే గీటురాయి కాదు. మీ తరం శ్రోతలకు తెలిసిన ఉదాహరణే చెబుతాను. నిర్వాణా బ్యాండు 1989లో సబ్ పాప్ సంస్థ ద్వారా తెచ్చిన తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ రికార్డింగుకు అయిన 606 డాలర్ల 17 సెంట్లనూ చెల్లించినది జేసన్ ఎవర్‌మన్. ఆ కృతజ్ఞతతో అట్ట మీద ఆయన పేరు గిటారిస్టుగా వేశారు గానీ అందులో ఆయన ఒక్క స్వరం కూడా వాయించలేదు. ఇరవై ఏళ్ల తరువాత, 2009లో, ఆ ఆల్బమ్‌ను విస్తరించి మళ్లీ తెచ్చినది కూడా సబ్ పాప్ సంస్థే. అలాంటి సందర్భంలో వివాదం వచ్చి మన కోర్టుకు చేరితే, డబ్బు ఇచ్చిన చేయి ఎవరిదని మాత్రమే కాక, స్టూడియోను ఎవరు మాట్లాడారు, ఏ పాటలు ఎలా పట్టాలో ఎవరు నిర్ణయించారు, పని చెడితే నష్టం ఎవరి నెత్తిన పడేది అని కూడా అడుగుతారు. మీ 1998 డెమోల విషయంలో ఈ ప్రశ్నలన్నింటికీ జవాబు మీరు నలుగురే కాబట్టి ఆ ఆరింటికీ మీరు ఉమ్మడి యజమానులు. గంటల లెక్కన గది అద్దెకిచ్చిన స్టూడియో యజమాని గానీ, మీటలు తిప్పిన ఇంజినీరు గానీ నిర్మాతలు కారు.

కంపెనీ తన ఖర్చుతో చేయించిన ఐదు రికార్డింగుల స్థితి దీనికి పూర్తిగా భిన్నం. పాఠకులు తరచుగా పొరబడే చోటు కూడా ఇదే. అగ్రిమెంటులో గడువు రాయకపోతే హక్కుల బదలాయింపు ఐదేళ్లకే ముగిసినట్టు భావించాలని సెక్షన్ 19(5) చెబుతుంది. ఆ నియమం 1995 మే 10న అమలులోకి వచ్చిన 1994 సవరణతో వచ్చింది, దానికి ముందరి పత్రాలకు వర్తించదు. మీ పత్రం 1999 నాటిది కనుక వర్తిస్తుంది. ఆ లెక్కన మీరు కంపెనీకి ఇచ్చిన నాలుగు డెమోల హక్కులు, పత్రంలో ‘శాశ్వతంగా’ వంటి మాట లేనట్లయితే, 2004లోనే మీకు తిరిగి వచ్చేశాయి. కానీ ఆ ఐదు రికార్డింగులను కంపెనీ మీ దగ్గర పుచ్చుకోలేదు. చొరవ, బాధ్యత తనవే కాబట్టి అవి పుట్టుకతోనే దాని సొత్తు. తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వడానికి గడువు ఉంటుంది గానీ, మొదటి నుంచీ తనదే అయినదానికి ఐదేళ్ల గడువు ఎక్కడి నుంచి వస్తుంది? సెక్షన్ 27 ప్రకారం వాటి కాపీరైటు ప్రచురణ జరిగిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు, అంటే 2059 డిసెంబరు 31 వరకు సాగుతుంది.

కంపెనీ మూతపడితే ఈ హక్కు గాలిలో కలిసిపోదు. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో కంపెనీ పేరుతో వెతికి, అది నిజంగా రిజిస్టరు నుంచి కొట్టివేయబడిందా, మరో సంస్థలో విలీనమైందా, తన కేటలాగును ఎవరికైనా అమ్ముకుందా అన్నది తేల్చుకోండి. కొట్టివేయబడిన కంపెనీని కూడా దాని వాటాదారులో రుణదాతలో ఇరవై ఏళ్ల లోపు కోరితే జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ మళ్లీ బతికించగలదు. యజమాని ఎవరో ఎంత వెతికినా దొరకకపోతే సెక్షన్ 31ఎ కింద కమర్షియల్ కోర్టు నుంచి ప్రచురణ లైసెన్సు అడిగే మార్గం ఒకటి ఉంది. అయితే అందుకు ముందు, దేశంలో అధిక భాగాన చెలామణి అయ్యే ఒక ఆంగ్ల దినపత్రికలో మీ ప్రతిపాదనను ప్రకటించాలి. మూడు వందల కాపీల కోసం ఇంత శ్రమా అని మీకు అనిపిస్తే నేను తప్పుపట్టను. ఈ విడతకు ఆ ఐదింటినీ పక్కన పెట్టి, మీ చేతిలో ఉన్న ఆరు డెమోలనే ‘తొలి రికార్డింగులు’గా తీసుకురావడం తెలివైన పని అని నా అభిప్రాయం. నిజమైన అభిమానికి ఎలాగూ క్యాసెట్టులోని నునుపైన రికార్డింగుల కన్నా ఆ గరుకు డెమోల మీదే మక్కువ ఎక్కువ ఉంటుంది.

ఇక గాయకుడి విషయం. రికార్డింగు మీది అయినా, అందులో వినిపించే సాహిత్యం అతని ఒక్కడి రచన. బాణీలో మీ నలుగురికీ భాగం ఉన్నట్టు సాహిత్యంలో లేదు. అతని లిఖితపూర్వకమైన లైసెన్సు గానీ బదలాయింపు గానీ లేకుండా ఆ మాటలున్న రికార్డును ఒక్క కాపీ వేసినా అది ఉల్లంఘనే. దానికి తోడు రికార్డింగులోనూ బాణీలోనూ అతను ఉమ్మడి యజమాని. ఉమ్మడి యజమానుల్లో ఒకరు మిగిలినవారి సమ్మతి లేకుండా మూడో వ్యక్తికి లైసెన్సు ఇవ్వజాలరని బొంబాయి హైకోర్టు 2008లో అంగత్ ఆర్ట్స్ కేసులో చెప్పింది. కనుక ముగ్గురు ఒకవైపు, ఒకరు ఒకవైపు అన్న లెక్క ఇక్కడ చెల్లదు. పైగా గాయకుడిగా అతనికి ప్రదర్శకుల హక్కు కూడా ఉంది. 1998లో పాడినదానికి అది 2048 చివరి వరకు ఉంటుంది. క్యాసెట్టు కోసమని అతను ఒప్పుకున్న నాలుగు పాటల విషయంలో మీరేదో వాదించుకోవచ్చు గానీ, ఎన్నడూ బయటికి రాని ఆ రెండు డెమోలను ప్రజలకు అమ్మడానికి అతను సమ్మతించాడని ఏ ఆధారంతో చెబుతారు? పాత ట్రాకుల్లో అతని శ్రుతిని సరిచేయించాలనో, కొత్త వాయిద్యాలు కలపాలనో ఆలోచన ఉంటే అదీ అతనికి ముందే చెప్పండి. సాధారణ ఎడిటింగును సెక్షన్ 38బి తప్పుపట్టదు కానీ, తన ప్రతిష్ఠకు హాని కలిగించేలా ప్రదర్శనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కు గాయకుడికి ఉంటుంది.

ఈ కారణంగా మీరు లాయరు నోటీసుతో మొదలుపెట్టవద్దు. ఒక మామూలు ఉత్తరం రాయండి. అతని సాహిత్యానికి ఎంత రాయల్టీ ఇస్తారో, అట్ట మీద పేరు ఎలా వేస్తారో, ఎన్ని కాపీలో, లెక్కలు ఎప్పుడు చూపిస్తారో అందులో చెప్పండి. ఇరవై ఏళ్ల మౌనాన్ని కరిగించడం నా వృత్తి పరిధిలోది కాదు గానీ, మాట పట్టింపులతో మొదలైన తగాదాలు అట్ట మీద పేరు సరిగ్గా పడేసరికి సగం చల్లారడం చాలాసార్లు చూశాను.

డ్రమ్మర్ వాటా అతని వారసులకు చెందుతుంది. అతను హిందువై, వీలునామా రాయకుండా అవివాహితుడిగా మరణించి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి తరగతి వారసురాలు తల్లి. తండ్రి ఆ తరగతిలో లేరు. తండ్రిగారి సంతకం ఒక్కటే తీసుకుని పని అయిందనుకునేవారు ఎందరో ఉన్నారు కనుక ప్రత్యేకంగా చెబుతున్నాను. డాలస్ మిత్రుడు అక్కడి నోటరీ ముందు సంతకం చేసి, అపోస్టిల్ (పత్రం విదేశాల్లో చెల్లేందుకు అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించి పంపితే సరిపోతుంది. ఆ పత్రం ఇండియాకు చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించండి.

టేపుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పనిచేసి పెట్టినవాడు తనకు రావలసిన కూలి అందే వరకు ఆ వస్తువును అట్టే పెట్టుకోవచ్చునని భారత ఒప్పందాల చట్టం, 1872లోని సెక్షన్ 170 చెబుతుంది. బాకీ నిజమే అయితే, దావా వేసే గడువు దాటిపోయినా ఈ పట్టు సడలదు, ఎందుకంటే కాలపరిమితి చట్టం దావాను అడ్డుకుంటుంది గానీ బాకీని రద్దు చేయదు. అయితే ఆ టేపులోని సంగీతాన్ని వాడుకునే హక్కు మాత్రం అతనికి ఏ కోశానా లేదు. అప్పగించిన వస్తువును తిరిగి రాబట్టుకునే దావాకు గడువు, మీరు అడిగి అతను నిరాకరించిన రోజు నుంచి మూడేళ్లు. కాబట్టి తొందరపడి రిజిస్టర్డ్ నోటీసు ఇచ్చి, నిరాకరణ తెచ్చుకుని, ఆ గడియారాన్ని మీరే తిప్పుకోవద్దు. బాకీ మొత్తం భరించగలిగినదైతే రసీదు రాయించుకుని చెల్లించండి. డాట్ యంత్రాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది, ఆ సన్నని టేపు ఎన్నిసార్లు తిరుగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. కేసు గెలిచే నాటికి టేపు వినిపించకపోతే ఆ గెలుపు ఎందుకు?

బోనస్‌గా అనుకున్న కవర్ పాటను వదులుకోమనే చెబుతాను. కవర్లకు చట్టబద్ధ లైసెన్సు ఇచ్చే సెక్షన్ 31సి కింద ఒక్కో పాటకు ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ ముందే కట్టాలి, మీరు వేయిస్తున్నవి 300. పాట హక్కుదారు స్వచ్ఛందంగా అనుమతిస్తే తప్ప అది గిట్టుబాటు కాదు. పాత క్యాసెట్టు అట్ట మీది ఫొటో కూడా ఎవరు తీశారో, డబ్బు ఎవరిచ్చారో చూసుకోండి. కంపెనీ డబ్బిచ్చి తీయించినదైతే దాని మొదటి యజమాని కంపెనీ.

లాభం ఆశించడం లేదన్న మాట మిమ్మల్ని కాపాడుతుందని మాత్రం అనుకోవద్దు. వ్యాపార లాభం కోసం కాని ఉల్లంఘనలో కోర్టు శిక్షను తగ్గించవచ్చునని సెక్షన్ 63 అంటుంది, నేరమే కాదని అనదు. అది పోలీసులు నేరుగా కేసు పెట్టదగిన, బెయిలు హక్కుగా రాని నేరమని సుప్రీంకోర్టు 2022లో నిట్ ప్రో కేసులో తేల్చింది. అనుమతులు చేతికి రాకముందే అభిమానుల దగ్గర డబ్బు తీసుకుంటే, రికార్డు ఆగిపోయిన రోజున వారికీ మీరు జవాబుదారీ అవుతారు.

అందరూ ఒప్పుకున్నాక రాసుకునే పత్రంలో పాటల పేర్లు, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఎవరి వాటా ఎంత అన్నవి ఉండాలి. ‘ప్రపంచమంతటా’ అన్న మాట తప్పనిసరిగా రాయండి. ప్రాంతం రాయకపోతే సెక్షన్ 19(6) ప్రకారం ఇండియాకే పరిమితమని భావిస్తారు, అప్పుడు డాలస్‌కు పంపే కాపీలకు ఆ పత్రం చాలదు. ఎల్పీలతో పాటు స్ట్రీమింగునూ పేరు పెట్టి రాయండి. అట్ట మీదా రికార్డు మీదా నిర్మాత పేరు చిరునామా, కాపీరైటు యజమాని పేరు చిరునామా, మొదటి ప్రచురణ సంవత్సరం ముద్రించాలని సెక్షన్ 52ఎ ఆదేశిస్తుంది. ఆ నాలుగు పాటలకు 1999 అనీ, బయటికి రాని రెండింటికి ఈ కొత్త విడుదల సంవత్సరమనీ విడివిడిగా వేయండి.

ఇదంతా మీరు చెప్పినదాని మీద ఆధారపడిన అభిప్రాయం. ఆ ఒకటిన్నర పేజీల అగ్రిమెంటులో ‘డెమోలు కూడా కంపెనీ చేయించినవే’ అనో, ‘పాటల సర్వహక్కులు శాశ్వతంగా’ అనో ఒక్క వాక్యం ఉన్నా పైన చెప్పిన లెక్క మారిపోతుంది. ముందు ఆ పత్రాన్ని వెతికి తీయండి. మీ ప్రతి పోయి ఉంటే డాలస్ మిత్రుడిని అడగండి, నలుగురూ సంతకం చేశారు కనుక ఎవరో ఒకరి పెట్టెలో ఉండే ఉంటుంది. అది దొరికే వరకు బుకింగులు తెరవవద్దు.