జీవో కింద ఆ ఒక్క లైను

ప్రశ్న: మన దేశంలో పాలనంతా రాష్ట్రపతి, గవర్నర్ల పేరు మీదే నడుస్తుంది కదా, మరి అమెరికా అధ్యక్షుడికి ఉన్నంత అధికారం వీళ్లకెందుకు లేదు? రాజ్యాంగంలో రాసినదాని వల్ల ఆఫీసుల్లో పని తీరు నిజంగా మారుతుందా?

మారుతుంది. హైదరాబాద్‌లో ప్రభుత్వోద్యోగిగా 30 ఏళ్లకు పైగా ఫైళ్లు రాసినవాణ్ణి, నాకు తెలిసిన వైపు నుంచి చెప్తాను.

చేరిన కొత్తలో ఒక జీవో డ్రాఫ్టు టైపు చేసి ఇచ్చాను. మా సెక్షన్ ఆఫీసర్ గారు చివరిదాకా చదివి, సంతకానికి పైన ఖాళీగా ఉన్నచోట ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కిచ్చారు. ‘గవర్నరు ఆదేశానుసారం, వారి పేరు మీద’ అన్న లైను మర్చిపోయాను. "ఆ లైను లేకుండా జీవో ఏంటయ్యా?" అన్నారు. ప్రభుత్వ ఉత్తర్వులన్నీ గవర్నర్ పేరుతోనే వెలువడాలని 166వ అధికరణం చెబుతుంది. అయినా నా సర్వీసంతా వెతికినా గవర్నర్ సంతకమున్న ఫైలు ఒక్కటి కూడా నా టేబుల్ మీదికి రాలేదు. నిర్ణయం మంత్రిది, సంతకం కార్యదర్శిది, పేరు మాత్రం గవర్నర్‌ది.

కేంద్రంలోనూ అంతే. 53వ అధికరణం కార్యనిర్వాహక అధికారాన్ని రాష్ట్రపతికి ఇస్తే, 74వది మంత్రిమండలి సలహాకు కట్టేస్తుంది. 1976లో 42వ సవరణతో ఆ సలహా పాటించి తీరాలని రాశారు. 1978లో 44వ సవరణ, ఒక్కసారి పునరాలోచనకు తిప్పి పంపే వీలు కల్పించింది.

ఆ పేరే అధికారం అనుకుంటే ఏమవుతుందో మన ఊరు 1984లో చూసింది. ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. సరిగ్గా నెలకి, సెప్టెంబర్ 16న, ఎన్టీఆర్ మళ్లీ ప్రమాణం చేశారు. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఇరానీ హోటల్లో చాయ్ చల్లారిపోతున్నా రేడియో వార్తలు అయ్యేదాకా ఎవరూ లేచేవాళ్లు కాదు. ప్రభుత్వానికి బలం ఉందో లేదో తేల్చాల్సింది శాసనసభలోనే అని 1994లో, కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అమెరికాలో పేరూ అధికారమూ ఒకరివే. రాజ్యాంగం రెండో అధికరణం మొదటి వాక్యమే కార్యనిర్వాహక అధికారాన్ని అధ్యక్షుడి చేతిలో పెడుతుంది. అవిశ్వాస తీర్మానంతో ఆయన్ని దించలేరు. ఫ్రాన్స్‌ది మధ్యేమార్గం. 1958 రాజ్యాంగంలో అధ్యక్షుడూ ఉంటాడు, పార్లమెంటుకు జవాబు చెప్పే ప్రధానీ ఉంటాడు. 1986లో సోషలిస్టు అధ్యక్షుడు మిత్తెరాన్, ప్రత్యర్థి పార్టీకి చెందిన ప్రధాని షిరాక్‌తో కలిసి రెండేళ్లు పని చేయాల్సి వచ్చింది.

నా దృష్టిలో అసలు తేడా ఇంకా కింద, నోటు రాసే ఉద్యోగి దగ్గర కనిపిస్తుంది. 1881లో పదవి దక్కలేదన్న కక్షతో ఒకడు అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ని కాల్చాడు. ఆ తర్వాత 1883లో పెండిల్టన్ చట్టం వచ్చి, ప్రతిభ చూసి ఉద్యోగమివ్వడం మొదలైంది. అక్కడి ఉద్యోగి రక్షణ ఎక్కువగా చట్టాలు, నియమాల మీదే నిలబడి ఉంది. అందుకే విధాన సంబంధమైన ఉద్యోగుల రక్షణ తగ్గిస్తూ 2020 అక్టోబర్‌లో ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వును 2021 జనవరిలో బైడెన్ రద్దు చేయగలిగారు, 2025లో ట్రంప్ మళ్లీ తేగలిగారు.

మన దగ్గర ఆ రక్షణ రాజ్యాంగంలోనే ఉంది. విచారణ జరిపి, చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఉద్యోగం తీయకూడదని 311వ అధికరణం అంటుంది. మినహాయింపులు మూడే. అధికారులు మనసులో మాట నిర్భయంగా చెప్పగలగాలని 1949లో రాజ్యాంగ సభలో పటేల్ వాదించారు.

ఒకసారి ఓ స్థలం ఫైలు మీద "నిబంధనల ప్రకారం వీలుపడదు" అని రాశాను. పై అధికారి పిలిచి ఆ పేజీ మార్చి పెట్టమన్నారు. మీరు కాదనుకుంటే కిందే కారణం రాయండి సార్ అన్నాను. ఆ రాత్రి ఇంట్లో అందరికీ టెన్షనే. రెండు నెలల్లో నన్ను అప్రాధాన్య సీటుకు మార్చారు. బదిలీని 311 ఆపదు. లంచం తీసుకుని దొరికినవాడు కూడా ఇదే అధికరణం పట్టుకుని ఏళ్ల తరబడి విచారణ సాగదీయడం చూశాను, అది చూసినప్పుడల్లా కడుపు మండేది. అయినా ఒకటో తారీఖున జీతం ఆగలేదు, నేను రాసిన పేజీని ఎవరూ తీయలేదు.