టవర్ ఎక్కబోయే మా మేనకోడలికి

విజయనగరం

అమ్మడూ,

నేవీలో ఏటీసీ బ్రాంచికి, అంటే టవర్ నుంచి విమానాల రాకపోకలు నడిపించే పనికి, అప్లై చేశావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎయిర్‌ఫోర్స్ టవర్లలో ఇన్నేళ్లు కూర్చున్నవాణ్ణి కదా, నాకెంత సంతోషమో చెప్పలేను.

ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ ఐదు రోజులు ఉంటుంది. బట్టీ పట్టిన జవాబులు అక్కడ నిలవవు. గ్రూపు డిస్కషన్‌లో గట్టిగా మాట్లాడాలని పోటీ పడకు. ముందు మాట్లాడినవాళ్లు ఏమన్నారో విని, దానికి నీ మాట కలుపు. మెడికల్‌లో రంగులు గుర్తుపట్టడం, వినికిడి కూడా చూస్తారు. ఆ ఇయర్‌ఫోన్ల సౌండ్ ఇప్పటినుంచే తగ్గించు తల్లీ.

సెలెక్టయితే ముందు కేరళలోని ఎళిమల నేవీ అకాడమీ, తర్వాత ఏటీసీ కోర్సు. అసలు కష్టం అక్కడే. ట్రైనింగ్‌లో ఒకరోజు సిమ్యులేటర్ మీద నేను పైలట్‌కి నాలుగు వేల అడుగుల ఎత్తు అని చెప్పాను. మనం చెప్పింది పైలట్ తిరిగి చదివి వినిపించాలి, అతను ఐదు వేలని చదివాడు. నేను సరే అనేశాను. ఇన్‌స్ట్రక్టర్ ఆపి టేపు వినిపించారు. రెండుసార్లు విన్నా నాకు నాలుగనే వినిపించింది, మూడోసారికి గానీ ఐదు వినపడలేదు. మనం ఎదురుచూసే మాటనే మన చెవి వింటుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

1996 నవంబరులో హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయారు. ఒకదానికి పదిహేను వేల అడుగుల దగ్గర ఆగమని చెప్పారు, అది ఇంకా కిందికి దిగిపోయింది. పద్నాలుగు వేల దగ్గర రెండోది ఎదురొచ్చింది. అప్పటి ఢిల్లీ రాడార్ తెర మీద విమానం ఎత్తు కనిపించేది కాదు. కంట్రోలర్‌కి పైలట్ చెప్పే మాటే ఆధారం.

అందుకే ఒక పని చెయ్యి. సాయంత్రం ఆమదాలవలస స్టేషన్‌కి వెళ్లి ప్లాట్‌ఫాం మీద కూర్చో. అనౌన్స్‌మెంట్‌లో బండి నంబరు, ప్లాట్‌ఫాం, టైము ఒక్కసారికే రాసుకో. పక్కన తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని వాడితో కబుర్లు చెబుతూనే రాయాలి. రెండోసారి అనౌన్స్ చేసినప్పుడు సరిచూసుకో. మొదటి వారం సగం తప్పులొస్తాయి, కంగారు పడకు.

సంక్రాంతికి ఎలాగూ వస్తారుగా. నేను పైలట్‌నై మధ్యమధ్య నంబర్లు తప్పు చదువుతాను, నువ్వు పట్టుకో.

మీ మావయ్య